సకినం అందరిది, పేరు ఎవరిది?

మెదక్ నుంచి నర్సాపూర్ మీదుగా హైదరాబాదు పోయే రోడ్డులో కుల్చారం వస్తుంది. సంస్కృతం చదువుకున్నవాళ్ళకు ఈ ఊరిని పరిచయం చెయ్యనక్కరలేదు. మల్లినాథసూరికి ఇంటిపేరుగా నిలిచిన కొలిచెలమ ఇదే. 14, 15 శతాబ్దాల నాటి ఆ పండితుడి సంజీవని వ్యాఖ్య దగ్గర పెట్టుకోకుండా కాళిదాసు రఘువంశం పాఠం చెప్పే పంతులు ఈ దేశంలో అరుదు. ఇంత చిన్న ఊరి రాత అంత దూరం పోయింది.

ఇప్పుడు ఇలాంటి ఊళ్ళ నుంచి దూరం పోతున్నది తిండి. సకినాలు, గారెలు, మామిడికాయ తొక్కు, కారప్పొడులు. పిల్లలు డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న ఇళ్ళ నుంచి కొరియర్ డబ్బాలు పోతూనే ఉంటాయి. ఆ డబ్బాల్లోంచే కొన్ని చిన్న వ్యాపారాలు పుట్టాయి. వాటికి మొదటి పెద్ద ఆర్డరుతో పాటు తరచు ఒక షరతు కూడా వస్తుంది: అక్కడ మీ సరుకు మేమే అమ్ముతాం, మీ పేరు కూడా మేమే రిజిస్టర్ చేయించుకుంటాం, మీకెందుకా శ్రమ అని. ఈ సంవాదం ఆ షరతు గురించి.

మాట్లాడే ఇద్దరినీ నేనే కల్పించాను. ఆయన రిటైరైన సంస్కృత పంతులు. ఆమె ఆయన పెద్ద కోడలు. ఇంటి వెనక రేకుల షెడ్డులో పన్నెండు మంది ఆడవాళ్ళతో సకినాలు చేయించి అమ్ముతుంది. డబ్బా మీద ఉన్నది చనిపోయిన అత్తగారి పేరు. వాళ్ళు ప్రస్తావించే చట్టాలు, కేసులు, రుసుములు మాత్రం ఉన్నవే.

కోడలు: మామా, న్యూజెర్సీ ఆయన పంపిన కాగితం చదివిండ్రా?

మామ: చదివిన బిడ్డా. సగం పైసలు ముందుగల ఇస్తనన్నడు. ఏటా ఇన్ని డబ్బాలు తీసుకుంటనని రాసిచ్చిండు. నాకైతే మంచిగనే అనిపిచ్చింది. సంతకం పెట్టక ఏం చూస్తున్నవ్?

కోడలు: ఏడో పేజీ చూసిండ్రా? డబ్బా మీది పేరు అమెరికాల ఆయన కంపెనీ కింద రిజిస్టర్ చేపించుకుంటడట. దానికి మనం ఒప్పుకుంటున్నమని ఆడ రాసి ఉన్నది. అది అత్తమ్మ పేరు మామా.

మామ: రిజిస్టర్ చేపిచ్చుకుంటే ఏమైతది? మీ అత్తమ్మ పేరు మీ అత్తమ్మదే. ఇంకో మాట చెప్త విను. కొత్త బియ్యం నానబోసి, తడిపిండి పట్టిచ్చి, నువ్వులు, వాము, ఉప్పు కలిపి, బట్ట పరిచి వేళ్ళతోటి చుట్టుడు. తెలంగాణల ఏ ఇంట్ల రాదు ఇది? సంక్రాంతికి అందరు చేసుకునేదాని మీద ఇది నాది అని కాగితాలు రాసుకునుడు నాకు సయించది.

కోడలు: సకినం నాదని నేను అంటలేను. అన్నా చట్టం ఒప్పుకోదు. ఆ మాట మీద ఎవరికీ హక్కు రాదు, అది సరుకు పేరు. కుల్చారం సకినాలు అని పెట్టుకుందమన్నా కష్టమే. ఊరి పేరు, సరుకు పేరు కలిపితే అది గుర్తు కాదు, వర్ణన అంటరు. న్యూజెర్సీ ఆయన అక్కడనే వంటమనుషులను పెట్టి సకినాలు చేపిచ్చి అమ్ముకున్నా నాకు అభ్యంతరం లేదు. అత్తమ్మ పేరు పెట్టుకొని అమ్మొద్దు, అంతే.

మామ: సరే, పేరే అనుకుందం. ఇంగ్లీషోళ్ళ చట్టాలతోటి మనం ఏం కాపాడుకున్నం చెప్పు? 1995ల అమెరికావాళ్ళు పసుపు మీద పేటెంటు ఇచ్చిండ్రు, మిసిసిపి యూనివర్సిటీ మెడికల్ సెంటర్‌కు. పసుపు పుండు మాన్పుతదన్నది కొత్తగ కనిపెట్టిండ్రట! మన సీఎస్ఐఆర్ వాళ్ళు కొట్లాడితే 1997ల రద్దయింది. ఎట్ల రద్దయింది? మన చేతుల పేటెంటు ఉన్నదని కాదు. సంస్కృత గ్రంథం చూపిచ్చిండ్రు, 1953ల ఇండియన్ మెడికల్ అసోసియేషన్ జర్నల్‌ల అచ్చయిన వ్యాసం చూపిచ్చిండ్రు. రాసి నలుగురికి పంచిండ్రు కాబట్టే పసుపు మనకు మిగిలింది. దాచుకుంటే పోయేది.

కోడలు: పసుపు సంగతి నిజమే. కని అది పేటెంటు. పేటెంటు నిలవాలంటే కొత్తది కావాలె, పాతదేనని పుస్తకం చూపిస్తే కూలిపోతది. పేరు విషయంల ఆ పప్పులుడకవు. అత్తమ్మ పేరు యాభై ఏండ్ల సంది ఉన్నదని నేను చూపిస్తే ఎవరికి కావాలె? ఆ దేశంల ఆ పేరుతోటి సరుకు ముందు ఎవరు అమ్మిండ్రు, ముందు దరఖాస్తు ఎవరు పెట్టిండ్రు, ఇదే చూస్తరు. చైనాల అయితే ముందు దరఖాస్తు పెట్టినోనిదే, అమ్మినా అమ్మకున్నా.

మామ: మన దేశంల మనం ఎన్నేండ్లు అమ్మినా లెక్కలేదా?

కోడలు: అక్కడ లేదు. దేశం దేశానికి హక్కు వేరు. ఇదే సూత్రం మనోళ్ళను కూడ గెలిపిచ్చింది మామా. టయోటా కంపెనీ ప్రియస్ అనే కారు 1997ల జపాన్‌ల తెచ్చింది. ఇక్కడ కార్ల విడిభాగాలు చేసే కంపెనీ ఒకటి అదే పేరును 2002ల మన దేశంల రిజిస్టర్ చేసుకున్నది. టయోటా 2009ల కేసేసింది. 2017 డిసెంబర్‌ల సుప్రీంకోర్టు మన కంపెనీ దిక్కే తీర్పిచ్చింది. పేరు లోకమంత తెలిసి ఉంటే సరిపోదు, ఆ రోజుల్ల ఈ దేశంల గిరాకులకు తెలిసి ఉండాలె, అది టయోటా చూపియ్యలేకపోయింది అన్నరు. అంత పెద్ద కంపెనీకే ఇక్కడ కాగితం లేక నిలవలేదంటే, అక్కడ నా గతేంది?

మామ: బాగుంది. మరి కాగితం ఉన్నోళ్ళు గెలిచిండ్రా? నీకు ఐటీసీ వాళ్ళ బుఖారా హోటలు సంగతి తెలుసు కదా. ఢిల్లీ హోటలు. న్యూయార్క్‌ల తెరిచిండ్రు, షికాగోల తెరిచిండ్రు, పేరు అమెరికాల రిజిస్టర్ కూడ చేపిచ్చిండ్రు. తర్వాత న్యూయార్క్‌ల బుఖారా గ్రిల్ అని వేరేవాళ్ళు తెరిస్తే వీళ్ళు కోర్టుకు పోయిండ్రు. 2007ల ఓడిపోయిండ్రు. ఐటీసీకే దిక్కులేదు, మన రేకుల షెడ్డుకు దిక్కుంటదా?

కోడలు: వాళ్ళు ఎందుకు ఓడిపోయిండ్రో కూడ చెప్పుండ్రి. న్యూయార్క్ హోటలు 1991ల మూసేసిండ్రు, షికాగోది 1997ల పోయింది. తర్వాత ఆ పేరుతోటి అక్కడ ఏం నడపలే. మూడేండ్లు వాడకుంట వదిలేస్తే విడిచిపెట్టినట్టేనని అమెరికా చట్టం. పేరు రిజిస్టర్ చేసినంక వాడాలె. ఐదో ఏడుకు ఆరో ఏడుకు మధ్యల, ఇంకా వాడుతున్నమని ప్రమాణపత్రం కూడ ఇయ్యాలె. మనం సంక్రాంతికి సంక్రాంతి పంపుతనే ఉంటం.

ఇక్కడ పంతులుగారు చూపిన ఉదాహరణ ఆయన అనుకున్న దానికంటే లోతైనదని నాకనిపిస్తుంది. విదేశంలో పేరు నమోదు చేయించిన చాలామంది సర్టిఫికెట్టును ఫ్రేము కట్టించి గోడకు పెడతారు. ఆ పేరుతో అక్కడ అమ్మిన ప్రతి సరుకు బిల్లూ, పంపిన లేబుల్ నమూనా, తేదీ వేసిన ఫొటో దాచిపెట్టేవాళ్ళు తక్కువ. తగాదా వచ్చిన రోజున అడిగేవి అవే.

మామ: నాది ఇంకో ప్రశ్న. పోచంపల్లి. 2005ల జీఐ, అంటే ఊరి పేరు మీది భౌగోళిక గుర్తింపు, వచ్చింది ఇక్కత్‌కు. మరి ఇయ్యాల బజార్ల పోచంపల్లి డిజైను అచ్చుగుద్దిన పవర్‌లూమ్ బట్ట దొరుకుత లేదా? రెండొందలకు మీటరు ఇస్తరు. దారం కట్టి, రంగుల ముంచి, విప్పి, మళ్ళ కట్టి నేసిన సాలెవాళ్ళు దాని ముందట ఏం గెలుస్తరు? వాళ్ళ చేతుల కాగితం ఉన్నది. ఊరంతటికి ఉన్నది. మన దేశంలనే కాపాడలేని కాగితం పరాయి దేశంల కాపాడుతదా?

కోడలు: దానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు మామా. జీఐ అయినా మన దేశం వరకే. బయట కావాలంటే ఆ దేశం దేశానికి పోయి అడగాలె. ఇక్కడ మటుకు నకిలీ బట్టను పట్టేటోడు ఉండాలె, దుకాణాలల్ల తనిఖీ ఉండాలె, కేసు నడిపే పైసలుండాలె. సాలెవాళ్ళ దగ్గర ఆ మూడు లేవు. కని ఒకటి చూడుండ్రి. ఆ జీఐ లేకుంటే ఎవడో ఒక మిల్లు యజమాని పోచంపల్లి అనే పేరు తనదేనని రాయించుకొని, పోచంపల్లి నేతగాళ్ళనే ఆ పేరు వాడొద్దనేటోడు. కాగితం దొంగను ఆపకపోవచ్చు. దొంగ మనల్ని దొంగలనకుంట ఆపుతది.

మామ: అది నాకు తట్టలే.

కోడలు: నా భయమే అది. న్యూజెర్సీ ఆయన పేరు మీద రిజిస్టర్ అయినంక, రెండేండ్లకు మాకు చెడితే? నేను డాలస్ల ఇంకొక దుకాణానికి పంపిస్తే, నా డబ్బానే నకిలీ అంటడు. అమెరికాల రిజిస్టర్ అయిన పేరును కస్టమ్స్ దగ్గర నమోదు చేపిచ్చుకోవచ్చు. అత్తమ్మ పేరున్న డబ్బా, అత్తమ్మ ఇంట్ల చేసిన సకినాలు, ఓడరేవుల ఆపనీకె చూస్తడు. సంతకం పెట్టకుంటే కొంత బలమన్న ఉంటది. తయారుచేసేటోళ్ళకు, అమ్మిపెట్టేటోళ్ళకు మధ్య రాత లేకుంటే పేరు తయారుచేసేటోళ్ళదే అని అమెరికా కోర్టులు మొదట అనుకుంటయట. ఏడో పేజీ మీద సంతకం పెడితే అది కూడ పోతది.

మామ: ఆయన అట్లాంటి మనిషిలాగ కనపడలే.

కోడలు: నాకూ కనపడలే. మంచోడే కావచ్చు. కంపెనీ అమ్ముకుంటే కొన్నోడు మంచోడో కాదో ఎవరికి తెలుసు? పేరు కూడ దానితోటే పోతది.

మామ: మరి డబ్బా? పోయినేడు అంత తిప్పలపడి చేసినవ్. దానికి రిజిస్ట్రేషన్ లేదా?

కోడలు: వచ్చేదుండె. నేనే పోగొట్టుకున్న.

ఆ డబ్బా సంగతి కొంచెం చెప్పాలి. సకినం చుట్టు చుట్టుకూ విరుగుతుంది. చేతిలోంచి కంచంలోకి జారినా తునక లేస్తుంది. అట్టపెట్టెలో పొరలుగా పేర్చి పంపితే పన్నెండువేల పైచిలుకు కిలోమీటర్లు పోయేసరికి సగం పొడి. ఆమె నిలువు గొట్టంలాంటి డబ్బా చేయించింది. సకినం వెడల్పుకు సరిపోయే కొలత. సకినానికీ సకినానికీ మధ్య అంచు లేచిన పల్చటి అట్టబిళ్ళ, సకినం బరువు కింది సకినం మీద పడకుండా ఆ అంచే మోస్తుంది. అడుగున ముడతల కాగితం. డబ్బాను తిరగేసినా లోపల కదలదు. మొదటిసారి అలా పోయిన సరుకు విరగకుండా చేరిందని ఫోనొచ్చినప్పుడు ఆమె కూతురు ఆ డబ్బాను వీడియో తీసి ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టింది. వేలమంది చూశారు.

కోడలు: హైదరాబాదుల ట్రేడ్‌మార్కు ఏజెంటు దగ్గరికి పోయినప్పుడు డబ్బా చూపిచ్చిన. ఇది బయటపెట్టిండ్రా అని అడిగిండు. వీడియో చూపిచ్చిన. అయితే అయిపోయిందమ్మా అన్నడు. 2000 నాటి డిజైన్ల చట్టం ప్రకారం దరఖాస్తుకు ముందు ఏ దేశంల బయటపెట్టినా అది కొత్తది కాదట. ముందుగల వేసుకొని ఉంటే పదేండ్లు, ఇంకో ఐదేండ్లు పొడిగింపు. ఇప్పుడు దాని ఆకారం ఎవరైనా చేసుకోవచ్చు.

మామ: చేసుకోనీ. సకినాలు విరగకుంట పోతయి అందరివి.

కోడలు: అట్లనే అనుకుంటున్న. కని అట్టబిళ్ళకు అంచు పెట్టాలన్న ఆలోచన షెడ్డుల పనిచేసే ఒక్కామెది. ఆమెకు దాని మీద పది రూపాయలు ఇప్పిద్దామనుకుంటే ఇప్పియ్యలేకపోయిన.

కొత్తది చేసిన ఉత్సాహంలో మొదట ఫోన్లో చూపించడం ఇప్పుడు అందరికీ అలవాటు. చిన్న వ్యాపారాలకు ఈ అలవాటు చేస్తున్న నష్టం ఏ లెక్కల్లోకీ ఎక్కదు. ఆకారానికైనా యంత్రానికైనా దరఖాస్తు ముందు, వీడియో తర్వాత. ఆలేరుకు చెందిన చింతకింది మల్లేశం తల్లి చేతి నొప్పి చూడలేక, చీర నేతకు దారం పోసే ఆసు యంత్రం చేశారు. ఆయన దానికి పేటెంటు కూడా తీసుకున్నారు. ఆయనకు 2017లో పద్మశ్రీ వచ్చింది. పేటెంటు ఉన్నందువల్ల నేతగాళ్ళకు ఆ యంత్రం దూరమేమీ కాలేదు. కాపాడుకోవడమంటే దాచుకోవడమని పంతులుగారిలాంటి మంచివాళ్ళు చాలామంది అనుకుంటారు. నేను అలా అనుకోను.

మామ: పైసల సంగతి చెప్పు. నాకు నీ దగ్గర ఎంత ఉన్నదో తెలుసు.

కోడలు: ఇక్కడ పెద్ద ఖర్చు కాదు. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉన్నది కాబట్టి ఆన్‌లైన్ల వేస్తే క్లాసుకు 4,500. చిన్న సంస్థ కాకుంటే 9,000. సకినాలు, గారెలు, కారప్పొడులు 30వ క్లాసు. తొక్కు 29ల పడ్తది. రెండు వేస్తే 9,000. వాళ్ళు పరిశీలించి, జర్నల్‌ల వేసి, నాలుగు నెలలు ఎవరన్న అడ్డం చెప్తరా అని చూసి, అప్పుడు పదేండ్లకు ఇస్తరు.

మామ: అమెరికాల?

కోడలు: 2013 జూలై 8 సంది మన దేశం మాడ్రిడ్ ఒప్పందంల ఉన్నది. అక్కడ వకీలును పెట్టుకోకుంటనే ఇక్కడి నుంచి ఒక్క దరఖాస్తు పెట్టొచ్చు. జెనీవాల వైపో అని ఆఫీసు ఉన్నది, మనం ఏ దేశాలడిగితే ఆ దేశాలకు పంపుతది. మూల రుసుము నలుపు తెలుపు లేబులైతే 653 స్విస్ ఫ్రాంకులు, రంగులైతే 903. దేశానికి ఇంత అని మళ్ళ వేరే.

మామ: 653 ఫ్రాంకులంటే అరవై వేల పైమాటే. దేశం రుసుము కలిపితే లక్ష దాటుతది. ఆ లక్షతోటి పిండి పట్టే పెద్ద గ్రైండరు వస్తది. దంచుడు, పట్టుడు చేసే ఇద్దరు ముసలమ్మల నడుములు బతుకుతయి. నువ్వు పేరు కాపాడుతవా, వాళ్ళ నడుములు కాపాడుతవా?

కోడలు: (కొంచెంసేపు మాట్లాడదు.) రెండు ఒక్కసారి చెయ్యలేను, నిజమే. అందుకనే ఒక తొవ్వ చూసిన. ఇక్కడ దరఖాస్తు పెట్టిన తేదీ నుంచి ఆరు నెలలల్ల బయట దేశంల పెడితే, ఇక్కడి తేదీనే అక్కడ కూడ లెక్కకొస్తది. పారిస్ ఒప్పందం అంటరు, మనం 1998 సంది అండ్ల ఉన్నం. ఇప్పుడు 9,000 పెడత. సంక్రాంతి సరుకు పోతది, పైసలొస్తయి. గ్రైండరు ముందు కొంట. ఎండాకాలం రాకముందే, ఆరు నెలలు నిండకముందే, అమెరికాకు వేస్త. ఒక్క అమెరికాకే. దుబాయి కూడ 2021 చివర సంది మాడ్రిడ్‌ల ఉన్నది కని, అక్కడికి మన సరుకు ఇంకా పోతలేదు. పోయిన నాడు చూసుకుందం.

మామ: అక్కడ ఒక ముడి ఉన్నది. నువ్వు తెచ్చిన కాగితాలల్ల చదివిన. మాడ్రిడ్ దరఖాస్తు ఐదేండ్ల దాకా ఇక్కడి దరఖాస్తు మీదనే నిలబడ్తదట. ఇక్కడ ఎవరన్న అడ్డం పడి అది కొట్టేస్తే అమెరికాది కూడ పడిపోతది.

కోడలు: అవును. అందుకే ఇక్కడిది గట్టిగ ఉండాలె. లేబుల్ మీది బొమ్మ సంగతి కూడ సరిచేసిన. మెదక్ల డీటీపీ పిల్లగాడు గీసిండు. పైసలిచ్చినం కదా మనదే అనుకున్న. కాపీరైటు చట్టంల అట్ల లేదు. రాసిచ్చేదాక గీసినోనిదే అనొచ్చు. మొన్న పోయి ఒక పేజీ రాయించుకొని, ఇంకా రెండువేలిచ్చి సంతకం తీసుకున్న. కాపీరైటు ఒక్కటే మనకు దేశదేశానికి రిజిస్టర్ చెయ్యకున్నా బర్న్ ఒప్పందం ఉన్న దేశాలల్ల నడుస్తది.

మామ: మీ అత్తమ్మ కొలత? వాము ఇంత, ఉప్పు ఇంత, పిండి ఎంతసేపు ఆరాలె... దానికేం కాగితం?

కోడలు: దానికి చట్టమే లేదు. వ్యాపార రహస్యాలకు వేరే చట్టం తేవాలెనని లా కమిషన్ 2024 మార్చిల 289వ నివేదిక ఇచ్చింది. ఇప్పటికైతే ఒప్పందం రాసుకొని నమ్మకం మీద నడుపుకునుడే. కని మామా, ఆ కొలత ఎవరన్న అడిగితే నేను చెప్త. అత్తమ్మ కూడ అడిగినోళ్ళందరికి చెప్పేది. పిండి ముద్దను పిడికిట్ల పిసికి, విరిచి చూపించేది. పగుళ్ళు రావొద్దనేది.

మామ: చెప్తవా? నేను ఇంతసేపు నువ్వు దాచుకుంటవనుకొని కొట్లాడుతున్న.

కోడలు: దాచుకోను. మీ మల్లినాథుని మాటనే నేను చెప్తున్న.

మామ: మల్లినాథుడా! ఆయన వ్యాఖ్యలు దేశమంత రాసుకున్నరు. బొంబాయి నిర్ణయసాగర్ ప్రెస్సు అచ్చేసింది. ఎవరు ఎవరికి రుసుము కట్టిండ్రు? ఆయన పేరెత్తి నీ దిక్కు ఎట్ల వాదిస్తవ్?

కోడలు: పిల్లలకు పాఠం చెప్తుంటే వంటింట్లకెల్లి వినేదాన్ని. కాళిదాసు మాట చెడ్డ వ్యాఖ్యల విషంతోటి మూర్ఛపోయిందని, దాన్ని బతికించనీకె సంజీవని రాస్తున్ననని ఆయన అన్నడని మీరే చెప్పిండ్రు. ఇంకోటి కూడ చెప్పిండ్రు. ప్రతి సర్గ చివర ఆయన తన పేరు, ఇంటిపేరు, వ్యాఖ్య పేరు రాసుకున్నడని. రాసుకునుడు ఎందుకు? ఎవరన్న చదువుకోవచ్చు, రాసుకోవచ్చు, పాఠం చెప్పుకోవచ్చు. కని ఇంకొకడు రాసిన విషపు వ్యాఖ్యకు మల్లినాథుని పేరు తగిలిస్తే మీరు ఊకుంటరా? పామాయిల్‌ల వేయించి, మెత్తబడ్డ సకినాల డబ్బా మీద అత్తమ్మ పేరు రాస్తే నేను ఊకోను.

మామ: (చాలాసేపటికి) ఊకోవద్దు.

కోడలు: అందుకే మీ దగ్గరికొచ్చిన. అత్తమ్మ పోయి ఏడేండ్లే అయింది. ఇరవై ఏండ్ల లోపల చనిపోయిన మనిషి పేరును దరఖాస్తు సూచిస్తున్నదనిపిస్తే, వారసుల ఒప్పుదల రాతపూర్వకంగ అడిగే అధికారం రిజిస్ట్రారుకు ఉన్నది. ట్రేడ్‌మార్కుల చట్టంల 14వ సెక్షను. అడుగుతడో లేదో, మీ సంతకం ముందే పెట్టి పంపుదమనుకుంటున్న.

మామ: పెడత. దరఖాస్తుల యజమాని అన్నచోట ఏం రాస్తున్నవ్?

కోడలు: నా పేరు.

మామ: ఎందుకు?

కోడలు: లోను నా పేరు మీద ఉన్నది. షెడ్డు నాది. ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్సు, ఎగుమతి కోడు, అమెరికా ఎఫ్డీఏ దగ్గర నమోదు, అన్నీ నా పేరు మీదనే ఉన్నయి.

మామ: నువ్వు మల్లినాథుని ముచ్చట సగమే విన్నవ్ బిడ్డా. ఆ మొదట్లనే ఆయన ఇంకో మాటన్నడు. దక్షిణావర్తనాథుడు మొదలైనోళ్ళు ముందే నడిచి చేసిన బాటలున్నయి, ఆ బాటలల్ల నాకూ జర జాగ దొరుకుతది అన్నడు. తన పేరు రాసుకున్నోడు ముందటోళ్ళ పేరు కూడ రాసిండు. షెడ్డుల పన్నెండు మందికి చుట్టుడు నేర్పింది ఎవరు? మీ అత్తమ్మ. న్యూజెర్సీ ఆయన కంపెనీ అమ్ముకుంటే పేరు దానితోటి పోతదంటివి. రేపు నీ కొడుకు అమెరికాకెల్లి వచ్చి నాకు ఈ వ్యాపారం ఒద్దు అని పేరు అమ్ముకుంటే? ఆ పన్నెండు మంది ఆ రోజు ఏమైతరు?

కోడలు: నా కొడుకు అట్ల చెయ్యడు.

మామ: ఆయన మంచోడే కావచ్చు, కొన్నోడు ఎట్లాంటోడో ఎవరికి తెలుసు అన్నది నువ్వే.

కోడలు: ఇప్పుడు నా పేరు మీద వేసి, తర్వాత ఆ పన్నెండు మందితోటి సంఘం పెట్టి దాని పేరు మీదికి మార్చొచ్చు కదా?

మామ: మార్చొచ్చు. కని ఇక్కడి దరఖాస్తు ఎవరిదో మాడ్రిడ్ దరఖాస్తు కూడ వాళ్ళదే కావాలె కదా. తర్వాత మార్చాలంటే చెన్నై ఆఫీసుల మార్చాలె, జెనీవాల మార్చాలె, మళ్ళ రుసుములు. పరస్పర సహాయ సహకార సంఘం 1995 చట్టం కింద పెట్టుకునే వీలున్నది. పొదుపు సంఘాల ఆడోళ్ళకు అది కొత్త కాదు. యజమాని ఎవరో ముందే తేల్చుకొని ఒక్కసారి వెయ్యి.

కోడలు: అంత తేలిక కాదు మామా. లోను నేనొక్కదాన్నే మోస్తున్న. పోయినేడు కొరియర్‌ల విరిగిన సరుకు నష్టం నేనే కట్టిన. పేరుల వాటా అడిగితే నష్టంల కూడ వాటా ఉంటది. దానికి వాళ్ళు తయారేనా? వాళ్ళల్ల కొందరికి రోజు కూలి చేతుల పడితేనే ఇంట్ల పొయ్యి వెలుగుతది.

మామ: నువ్వెప్పుడన్న అడిగినవా?

కోడలు: అడగలే.

మామ: అడుగు. వద్దంటే నీ పేరు మీదనే వెయ్యి, నేను సంతకం పెడత. అడగక ముందు పెట్టను.

కోడలు: సంఘం అయ్యేసరికి టైం పడ్తది. న్యూజెర్సీ ఆయన నెలాఖరు లోపల జవాబు కావాలంటున్నడు.

మామ: ఏమని రాస్తవ్?

కోడలు: సంక్రాంతి సరుకు కాంట్రాక్టు లేకుంట, మామూలు బిల్లు మీద పంపుతనని రాస్త. డబ్బా మీద మన లేబులే ఉండాలె, ఆయన స్టిక్కర్ వెయ్యొద్దు. బిల్లులు, ఎయిర్‌వే బిల్లు, లేబుల్ ఫొటోలు తేదీతో సహ దాస్త. అక్కడ మన పేరు ముందుగల వాడింది మనమేనని అదే రుజువైతది. కాంట్రాక్టు సంగతి పండుగయినంక. అప్పుడు కూడ ఏడో పేజీ తీసేసి, ఆయన మన పేరుతోటి ఎక్కడా దరఖాస్తు పెట్టొద్దని, పెడితే మనకు రాసియ్యాలెనని, అమ్ముడు ఆపిన రోజున వెబ్‌సైటు, ఫేస్‌బుక్ పేజీ కూడ మనకు అప్పజెప్పాలెనని రాయిస్త. తగాదా వస్తే ఆర్బిట్రేషన్ హైదరాబాదుల. ఆ తీర్పు న్యూయార్క్ ఒప్పందం కింద అక్కడ కూడ అమలైతది.

మామ: ఆయన ఒప్పుకోకపోతే?

కోడలు: ఈ ఏడు ఆర్డరు సగమైతది. డాలస్ దుకాణానికి అంత పోదు. పన్నెండు మందిల నలుగురికి ఈ సీజన్ల పని ఉండకపోవచ్చు. ఆ మాట కూడ వాళ్ళ ముందటనే చెప్పాలె. మీరు కూడ రావాలె రేపు.

మామ: వస్త. పిండి పట్టుడు అయినంక పిలువు, మధ్యల ఆపితే ఆరిపోతది. లోను కాగితాలు, పోయినేటి లెక్కల పుస్తకం బయటపెట్టు. వాళ్ళు అడుగుతరు.